‘లోస్ ఓల్విదాదోస్’ చిత్రమునకు రెండు ముగింపులు: ఒక పాఠవిచారము

ఒకే కావ్యమునకు రెండు విధములైన ముగింపులు గల వ్రాతప్రతులు దొరకినపుడు వానిలో నేది కవికృతమో, ఏది ప్రక్షిప్తమో నిర్ణయించుట మనకు క్రొత్త పని గాదు. ప్రతుల ప్రాచీనతను, లేఖకుల స్వభావమును బట్టి బాహ్యసాక్ష్యమును గ్రహింతుము. శైలిని, పాత్రౌచిత్యమును, కథాసంవిధానమును బట్టి అంతస్సాక్ష్యమును గ్రహింతుము. చలనచిత్రములకును ఇట్టి విచారము అవసరమగునని సాధారణముగా తలంపము. అచ్చుపడిన పుస్తకమువలె అది ఒక్కసారిగా స్థిరపడినదే యని మన యూహ. కాని 1950లో మెక్సికో దేశమున లూయీస్ బున్యుయెల్ నిర్దేశించిన ‘లోస్ ఓల్విదాదోస్’ విషయమున సరిగా ఈ చిక్కే యేర్పడినది. ఆ పేరునకు ‘మరవబడినవారు’ అని అర్థము. చిత్రము విడుదలయైన నలువదియారేండ్లకు, అనగా 1996లో, మెక్సికో జాతీయ స్వతంత్ర విశ్వవిద్యాలయపు చలనచిత్ర భాండాగారమునుండి దానికి వేరొక ముగింపు గల భాగము వెలువడినది. లోకమెరిగిన ముగింపులో బాలుడు హతుడై, అతని దేహము చెత్తదిబ్బ పాలగును. క్రొత్తగా దొరకిన ముగింపులో బాలుడు బ్రదికి బడికి చేరును.

ఇచ్చట బాహ్యసాక్ష్యము మనకు తోడ్పడదు. రెండు ముగింపులును ఒకే దర్శకుడు, ఒకే నటవర్గముతో, ఒకే కాలమున చిత్రించినవి. చేతివ్రాత యొక్కటే; సిరా యొక్కటే. నిర్మాత ఓస్కార్ డాన్సిగర్స్ పక్షమున, ప్రభుత్వ పరిశీలకులు మొదటి ముగింపును త్రోసిపుచ్చినచో అక్కరకు వచ్చునని రెండవది సిద్ధపరుపబడినట్లు చెప్పుదురు. బున్యుయెల్ జీవించియుండగా అది ప్రేక్షకుల కంట పడలేదు. ఇంతమాత్రముచేత దానిని ప్రక్షిప్తమని కొట్టివేయుట సులభమే. కాని అట్లు కొట్టివేసినచో అసలు ప్రశ్న మిగిలిపోవును. బాలుడు మరణించుటయే యీ చిత్రమునకు న్యాయమైన ముగింపా, లేక దర్శకుని నైరాశ్యము బాలునిపై మోపిన భారమా? చిత్రము వెలువడిననాటినుండి దానిపై వచ్చిన పెద్ద ఆక్షేపణ యిదియే కావున, రెండవ ముగింపును ఒక ఒరగల్లుగా గైకొని ఆ ఆక్షేపణను పరీక్షింపవచ్చునని మా తలంపు.

చిత్రమును చూడనివారికై కథను సంగ్రహముగా చెప్పవలసియున్నది. మెక్సికో నగరపు పేదవాడలలో, పనిపాటులు లేని బాలుర గుంపొకటి తిరుగుచుండును. సంస్కరణశాలనుండి తప్పించుకొని వచ్చిన హాయ్‌బో అను యువకుడు వారికి నాయకుడగును. తన్ను పోలీసులకు పట్టియిచ్చినవాడు హులియన్ అని అతనికి అనుమానము. హులియన్ త్రాగుబోతు తండ్రిని పోషించుచు కూలిపని చేసికొనువాడు. విరిగిన చేయియని నటించుచు కట్టుకొన్న కట్టులో రాయి దాచుకొని పోయి హాయ్‌బో అతనిని కొట్టి చంపును. పేద్రో అను చిన్నవాడు దానిని కన్నులార చూచెను. చచ్చినవాని జేబులోని డబ్బులో కొంత పేద్రోకు పంచియిచ్చి హాయ్‌బో అతనిని తన నేరమునకు కట్టివేయును. అక్కడినుండి పేద్రో మంచివాడు కాజూచిన ప్రతిసారియు హాయ్‌బో అడ్డుపడును. కత్తులు చేయు దుకాణములో పేద్రో పనికి కుదురును. హాయ్‌బో అచ్చట ఒక కత్తి దొంగిలించును. నేరము పేద్రోపై పడును. తల్లి మార్తాయే అతనిని బాలనేరస్థుల న్యాయస్థానమునకు కొనిపోవును. అతడు వ్యవసాయ పాఠశాలకు పంపబడి, అచ్చటినుండి బయటికి వచ్చి, చివరకు ఒక పశువులశాలలో హాయ్‌బో చేతిలో చచ్చును. హాయ్‌బోను పోలీసులు కాల్చుదురు.

బున్యుయెల్ పుట్టుకచేత మెక్సికో దేశీయుడు కాడు. 1900లో స్పెయిన్‌లోని కలాందా గ్రామమున జన్మించి, పారిస్‌లో అధివాస్తవికుల గోష్ఠిలో చేరి ‘ఆందలూసియా కుక్క’ (1929), ‘స్వర్ణయుగము’ (1930) అను చిత్రములతో కలకలము రేపి, 1933లో స్పెయిన్‌లోని ఉర్దేస్ అను కఱవు ప్రాంతముపై ఒక వార్తాచిత్రము తీసెను. 1946లో మెక్సికో చేరి, 1949లో ఆ దేశపు పౌరుడయ్యెను. ‘లోస్ ఓల్విదాదోస్’ తీయుటకు ముందు అతడు నెలల తరబడి చిరుగు బట్టలతో నగరపు మురికివాడలలో తిరిగెను. సంస్కరణశాలల దస్త్రములు చదివెను. పండ్రెండేండ్ల బాలుని శవము చెత్తదిబ్బపై దొరకినదని వార్తాపత్రికలో చదివితినని స్వీయచరిత్రలో చెప్పికొనెను. కథాసంవిధానమున లూయీస్ అల్కొరీసా అతనికి సహకర్త. ఛాయాగ్రాహకుడు గాబ్రియెల్ ఫిగెరోవా. చిత్రీకరణము సుమారు మూడు వారములలో ముగిసినది. పత్రికావార్త మాట పాఠవిచారమున ముఖ్యమైనది: చెత్తదిబ్బ దర్శకుని కల్పన గాదు, కథకు బీజమే అది. బీజము నుండి వృక్షము పుట్టినదో, వృక్షమునకు ఈ బీజము తరువాత అంటగట్టబడినదో యని యిక సందేహింపనక్కర లేదు.

ఐనను బీజము నిజమైనంతమాత్రమున కావ్యము నిజము కాజాలదు. పత్రికలో జరిగినదెల్ల కావ్యమున జరుగవలెనన్న నియమము లేదు. కావున అంతస్సాక్ష్యమునకే పోదము.

ముందుగా ఆనాటి మెక్సికో చిత్రములలో పేదవారు ఎట్లు కనబడిరో చూడవలెను. 1948లో ఇస్మాయెల్ రోద్రీగెస్ తీసిన ‘నోసోత్రోస్ లోస్ పోబ్రేస్’ (‘మేము పేదలము’) జనమును ఉర్రూతలూగించినది. అందు పేద్రో ఇన్ఫాంతే అను ప్రఖ్యాత గాయకనటుడు వడ్రంగి వేషమున పాటలు పాడును. చేయని నేరమునకు చెఱసాల పాలగును. ఆ చిత్రమున పేదవారు డబ్బున మాత్రమే పేదలు. ప్రేమకు, ధర్మమునకు, చెలిమికి కొదువ లేనివారు. దుర్మార్గమంతయు ఇద్దరు ముగ్గురు దుష్టులయందు కుప్పవోసి, మిగిలినవారిని నిర్మలముగా నిలుపుట అందలి పద్ధతి. ప్రేక్షకుడు కన్నీరు కార్చి, తృప్తుడై యింటికి పోవును. ఈ కన్నీటిని మేము తక్కువ చేయుట లేదు. కాని అందొక షరతు దాగియున్నది. పేదవాడు మంచివాడైనచోనే మన జాలికి పాత్రుడు. మంచివాడు కానిచో?

ఈ ప్రశ్నకు ‘లోస్ ఓల్విదాదోస్’ ఒక నటుని ద్వారమున సమాధానము చెప్పుచున్నది. ‘మేము పేదలము’ చిత్రమున పక్షవాతముతో కదలలేని వృద్ధను కొట్టు దుష్టుని పాత్రను ధరించినవాడు మిగెల్ ఇంక్లాన్. అతడే బున్యుయెల్ చిత్రమున డోన్ కార్మెలో అను అంధగాయకుడు. వాద్యములు మోసికొని వీధులలో పాడి పొట్టపోసికొను ఈ ముదుసలిపై బాలుర గుంపు దాడిచేసి, బురదలో పడద్రోసి, అతని డోలు పగులగొట్టును. ఈ సన్నివేశము చూచునపుడు మన జాలి యంతయు అతనిదే. నేల పడియున్న అంధుని ముఖమునకు ఎదురుగా ఒక నల్లని కోడి వచ్చి నిలుచును. అతడు చూడలేడు, కోడి చూచుచున్నది. అంతలో కథ ముందుకు సాగిన కొలది ఆ ముదుసలియొక్క తక్కిన గుణములు బయటపడును. తండ్రిచే సంతలో విడువబడిన ఓహితోస్ అను పల్లెటూరి బాలునిచేత వెట్టిచాకిరి చేయించుకొనును. మేచే అను బాలికను ఒడిలోనికి లాగికొనజూచును. పోర్ఫీరియో దీయాస్ నిరంకుశపాలనా దినములే మంచివని మాటిమాటికి తలచుకొనును. ఆ పాలన 1911తో అంతమొందినది. తుదకు హాయ్‌బోపై తుపాకులు ప్రేలినపుడు, ఒకడు తగ్గెనని సంతోషించి, ఇట్టివారినందరిని పుట్టకముందే చంపవలెనని అఱచును. మనము జాలిపడినది ఇతనిపైననే.

ఈ మార్పు కేవలము పాత్రవైచిత్ర్యమునకై చేసినది కాదు. ప్రేక్షకుడు ఇచ్చిన జాలిని వెనుకకు తీసికొనవలెనా యని చిత్రము నిలదీయుచున్నది. తీసికొనినచో, ముదుసలి దుష్టుడైనందున అతని డోలు పగులుట న్యాయమని ఒప్పికొనవలసివచ్చును. తీసికొననిచో, అంధుని హింసించిన బాలురయెడలను అదే జాలి చూపవలసివచ్చును. మన అలంకారికులు కరుణరసమునకు శోకమును స్థాయిభావముగా చెప్పిరి. బీభత్సమునకు జుగుప్సను చెప్పిరి. ఈ చిత్రమున ఒకే ఆలంబనమునందు శోకము, జుగుప్స రెండును ఒకదాని వెంట నొకటి పుట్టుచు, ఒకదానిని మరియొకటి పూర్తిగా అణచలేక పోవుచున్నవి. దీనిని రసాభాసమని యెవరైన అన్నచో మేము వాదింపము. అభాసమైనను అది దర్శకుడెరిగి చేసినదే.

ముదుసలి, అతనికి దారిచూపు బాలుడు అను జంట స్పెయిన్ సాహిత్యమున మిక్కిలి ప్రాచీనమైనది. 1554లో కర్తృనామము లేక వెలువడిన ‘లాసారీయో దె తోర్మేస్’ అను కథలో లాసారో ఒక లోభియైన అంధునికి చేయూతగా కుదిరి, ఆకలికి తాళలేక అతనిని మోసగించుచు, తుదకు పగతీర్చికొని పారిపోవును. ఆ గ్రంథమునుండి ధూర్తచరిత్రలను ఒక కథాశాఖయే బయలుదేరినది. అందు దరిద్రుడు సాధువు కాడు. ఆకలి అతని బుద్ధికి పదును పెట్టును. చదువరి నవ్వుచునే సిగ్గుపడును. బున్యుయెల్ ఓహితోస్‌ను, డోన్ కార్మెలోను ప్రక్కప్రక్కన నిలిపినపుడు మెక్సికో చిత్రపరిశ్రమకు తెలియని పరాయి రీతి యేదో తెచ్చినట్లు కొందరు భావించిరి. తెచ్చినది స్పానిష్ భాషకు నాలుగు వందల యేండ్ల నాటి సొత్తే. కాని ఒక భేదము కలదు. లాసారో మాటకారి, తన కథ తానే చెప్పుకొని బ్రదికి బయటపడినవాడు. పేద్రోకు తన కథ చెప్పుకొను నోరు లేదు. హులియన్ హత్యను గూర్చి అతడు నోరు విప్పినది ఒక్కమారు, వీధినడుమ, పదిమంది యెదుట. ఆ మాటయే అతని ప్రాణము తీసినది.

ఇక తల్లి విషయము. ఈ చిత్రముపై మెక్సికోలో రేగిన ఆగ్రహమంతయు మార్తా పాత్రచుట్టు తిరిగినది. ఆకలితో ఇల్లు చేరిన పేద్రోకు ఆమె తిండి పెట్టదు, చిన్నపిల్లలకు పెట్టును. ఏ మెక్సికో తల్లియు ఇట్లు చేయదని చెప్పి, చిత్రీకరణ సమయముననే కేశాలంకరణ చేయు స్త్రీ పని విడిచి పోయెనని బున్యుయెల్ వ్రాసికొనెను. ఆమె కోపము అర్థము కానిది కాదు. మాతృత్వము నిష్కళంకమని నమ్మని జాతి యేది? కాని దర్శకుడు ఆ తల్లిని రాక్షసిగా చూపలేదు. న్యాయస్థానమున అధికారి, బిడ్డలకంటె ముందు తల్లిదండ్రులను శిక్షింపవలెనని మందలించినపుడు ఆమె చెప్పిన సమాధానము వినవలెను. తాను చిన్నపిల్లగా ఉన్నపుడు, తన్ను తాను కాపాడుకొనజాలని స్థితిలో ఆ బిడ్డ కలిగెనని, అతని తండ్రి యెవరో కూడ తానెరుగనని ఆమె చెప్పును. అట్టి బిడ్డను ఎట్లు ప్రేమింపగలనని అడుగును. తన్ను బలాత్కరించినవాని గుర్తుగా ఆమెకు పేద్రో కనబడుచున్నాడు. పేద్రోకు మాత్రము ఆమె తల్లి. ఇద్దరిలో ఎవరిది తప్పు? మార్తాగా ఎస్తెలా ఇందా ఈ మాటలను ఏడువక, గొంతు పెంచక పలుకుట అభినందనీయము. గొంతు పెంచినచో అది మరల ‘మేము పేదలము’ అయిపోయెడిది.

తిండి పెట్టని ఆ రాత్రికి కొనసాగింపే పేద్రో కల. చిత్రమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టమిది; ప్రసిద్ధి తగినదే. నిద్రించుచున్న పేద్రోనుండి మరియొక పేద్రో లేచి కూర్చుండును. పైనుండి కోడి మెల్లగా రాలును. మంచము క్రిందికి వంగి చూచునప్పటికి నెత్తురోడు హులియన్ ముఖము నవ్వుచుండును. తల్లి తెల్లని వస్త్రములతో గాలిలో తేలుచున్నట్లు వచ్చి, బట్టలుదికి కాయలు కాచిన చేతులు చూపును. పెదవులు కదలవు, మాటలు వినబడుచుండును. ఆనాడు మాంసమేల పెట్టలేదని బాలుడు అడుగును. ఆమె ఒక పెద్ద పచ్చిమాంసపు ముక్క తెచ్చి చూపును. అందుకొనబోవునంతలో మంచము క్రిందినుండి హాయ్‌బో చేయి వచ్చి దానిని లాగికొనును. సమాజశాస్త్రజ్ఞుడు చిత్రించినచో ఈ కల ఉండెడిది కాదు. ఆకలికి రెండర్థములు గలవని, కూటికై పడు ఆకలికిని తల్లికై పడు ఆకలికిని బాలుని మనస్సులో హద్దు లేదని చెప్పుటకు బున్యుయెల్‌కు కల కావలసివచ్చినది. ఇటలీ దేశపు నూతన వాస్తవికులు గ్లాసును గ్లాసుగా మాత్రమే చూచుదురని, చూచువాని మనస్సును బట్టి గ్లాసు వేయి విధములగునని అతడు 1953లో ఒక ప్రసంగమున వివరించెను. దె సీకా చిత్రములయెడల ఈ మాట కొంత అన్యాయమే. ఐనను తన దారి యేదో అతడు స్పష్టముగ చెప్పుకొనెను.

ఆ కలలో పేద్రో తిండిని లాగికొన్న చేయి హాయ్‌బోదని గుర్తుంచుకొనవలెను. తరువాత అదే హాయ్‌బో మార్తాకును దగ్గరగును. తల్లి ప్రేమ నిజముగానే అతని వైపు పోవును. కాని అతడును తల్లి నెరుగని వాడే. చిన్ననాట ఒక్కమారు చూచిన తల్లి ముఖము పూజామందిరమున ఉండు మాతృమూర్తివలె తోచునని మార్తాకు చెప్పుకొనును. రోబెర్తో కోబో ఈ మాటలు పలుకునపుడు అది వలపుగాలమా, నిజమైన బాధా యని తేల్చుకొనలేము. రెండును అని మా యభిప్రాయము.

ఇక వ్యవసాయ పాఠశాల. మా విచారమునకు ఇదియే కేంద్రము. పాఠశాలలో చేరిన పేద్రో మొదట ఒక గ్రుడ్డును నేరుగ కెమెరా కంటిపైకి విసరును. గ్రుడ్డుసొన అద్దముపై జారును. చీకటి గదిలో కూర్చుండి చూచుచున్న మనపైననే విసరినట్లుండును. పిమ్మట కోపమున కోళ్లను కఱ్ఱతో కొట్టి చంపును. ప్రధానాధికారి అతనిని శిక్షింపడు. ఈ బాలురకు బదులు దారిద్ర్యమును చెఱలో పెట్టగలిగిన ఎంత బాగుండునని తోటివానితో అని, పేద్రో చేతిలో యేబది పెసోల నోటు పెట్టి, ద్వారము దాటిపోయి సిగరెట్లు కొనితెమ్మని పంపును. ఎవడును నమ్మని వానిని ఒకడు నమ్మెను. పేద్రో ముఖమున కలిగిన ఆశ్చర్యము, దాని వెనువెంట వచ్చిన గర్వము అల్ఫోన్సో మెహియా అను ఆ బాలనటుడు చూపిన తీరు ఎన్నిమార్లు చూచినను క్రొత్తగానే ఉండును. అతడు పారిపోవుటకు పోలేదు, సిగరెట్లకే పోయెను. నాలుగడుగులు వేయునంతలో హాయ్‌బో ఎదురై నోటు లాగికొనెను. ఇక బడికి ఏ ముఖముతో పోవును?

ఈ ఘట్టమును గూర్చి విమర్శకులలో భిన్నాభిప్రాయములు గలవు. ప్రధానాధికారి మిక్కిలి మంచివాడని, ప్రభుత్వమును మెప్పించుటకై చొప్పింపబడిన పాత్రయని కొందరందురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. దారిద్ర్యమును గూర్చి అతడు పలుకు వాక్యము బోధవలె వినబడుచున్నది. కాని ఘట్టముయొక్క నిర్మాణమును చూడుడు. అధికారి నమ్మకము సరియైనదే. పేద్రో ఆ నమ్మకమునకు తగినవాడే. ఇద్దరిలో ఎవరియందును లోపము లేదు. అయినను ఫలితము శూన్యము. మంచి పాఠశాల గోడలకు వెలుపల వీధి యున్నది. ఆ వీధిలో హాయ్‌బో యున్నాడు. హాయ్‌బోను తయారుచేసినది కూడ ఒక సంస్కరణశాలయే. దుష్టుడైన అధికారిని చూపియుండినచో, మంచి అధికారి వచ్చిన అన్నియు చక్కబడునని ప్రేక్షకుడు తలంచెడివాడు. ఆ వెసులుబాటు బున్యుయెల్ ఇయ్యలేదు.

ఇప్పుడు రెండవ ముగింపును దీని ప్రక్కన పెట్టి చూతము. అందు పశువులశాలలో పెనుగులాట జరుగును. హాయ్‌బో పడి చచ్చును. పేద్రో అతని యొద్దనున్న డబ్బు తీసికొని వ్యవసాయ పాఠశాలకు మరలును. యేబది పెసోలు చేరవలసిన చోటికి చేరును. సామాన్యదృష్టికి ఇదియే అందమైన నిర్వహణము. నోటు అను కథాంశము ముడివిడినది. కాని దీనిచే మూడు విషయములు చెడుచున్నవి.

మొదటిది, నేరమంతయు హాయ్‌బోపై పడును. అతడు చచ్చినంతనే చిక్కు విడిపోయినచో, చిక్కు అతడే యన్నమాట. అనగా, ఇట్టివారు ఒక్కొక్కరే తగ్గవలెనన్న అంధుని తీర్పును చిత్రము తన తీర్పుగా అంగీకరించును. చిత్రమంతటను ఎవని నోట ద్వేషమును వినిపించినదో, వాని పక్షమున నిలిచి ముగియును.

రెండవది, హాయ్‌బో మరణము. లోకమెరిగిన పాఠమున గుండు తగిలి నేల కూలిన అతని ముఖముపై ఒక బక్కకుక్క తడిసిన వీధివెంట నడచివచ్చుచున్నట్లు మఱియొక బింబము పరచుకొనును. నల్లని గోతిలో పడుచున్నాను, ఒంటరిని అని అతని గొంతు వినబడును. నిద్రపొమ్మని జోకొట్టు తల్లి గొంతు వినబడును. బ్రదికియుండగా అబద్ధమో నిజమో తెలియక మనము సందేహించిన ఆ తల్లి ముఖము ఇప్పుడు నిజమైనది. హంతకునికి ఇంతటి మరణము నిచ్చిన చిత్రములు అరుదు. పెనుగులాటలో జారిపడి చచ్చిన హాయ్‌బోకు ఈ క్షణము దక్కదు. అతడు కేవలము ప్రతినాయకుడై పోవును.

మూడవది మా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యము. పేద్రో డబ్బు మరల తెచ్చి యిచ్చుటచేత తన యోగ్యతను నిరూపించుకొనును. కాని అతని యోగ్యత అంతకుముందే నిరూపితమైనది! ద్వారము దాటి సిగరెట్ల దుకాణమువైపు నడచినపుడే అతడు పరీక్షలో నెగ్గెను. రెండవసారి నిరూపింపవలెననుట, పేదవాడు బ్రదుకుటకు అర్హత సంపాదించుకొనవలెనని కోరుటయే. తొలుత ‘మేము పేదలము’ విషయమున చెప్పిన షరతు ఇచ్చట వెనుకదారిని మరల ప్రవేశించుచున్నది. మొదటి ముగింపు ఈ షరతును నిరాకరించినది. పేద్రో మంచివాడై యుండియు చచ్చెను. హాయ్‌బో చెడ్డవాడై యుండియు జోలపాట విన్నాడు. ఇది నైరాశ్యమని కొందరందురు. అన్యాయమును అన్యాయమని చెప్పుటకు ఇంతకంటె కచ్చితమైన మార్గము మాకు తోచలేదు.

ఇంత చెప్పినను చిత్రమున లోపములు లేవనుట లేదు. ఆరంభమున న్యూయార్కు, పారిస్, లండన్ నగరములను చూపుచు, ఈ వైభవముల వెనుక దారిద్ర్యపు గృహములు దాగియున్నవని, పరిష్కారమును సమాజమునందలి ప్రగతిశీల శక్తులకు విడిచితిమని ఒక గొంతు వ్యాఖ్యానించును. మెక్సికో ఒక్కటియే కాదని ముందుగా మనవి చేసికొను ఈ ప్రస్తావన, పాలకులను చల్లబరచుటకు తోడ్పడెనేమో గాని కథకు పనికిరాదు. అధ్యక్షుడు మిగెల్ అలెమాన్ పాలించిన 1946-1952 నడుమ పరిశ్రమలు, భవనములు వేగముగా పెరిగినవి. చిత్రమున హులియన్ హత్య జరుగు చోట, వెనుక కట్టుబడిలో నున్న గొప్ప భవనముయొక్క ఇనుపచట్రము కనబడుచుండును. ఆ చట్రములో నూరుమంది వాద్యకారులను కూర్చుండబెట్టి చూపవలెనని బున్యుయెల్ కోరగా నిర్మాత ఒప్పుకొనలేదట. ఒప్పుకొనకున్నను నష్టము లేదు. ఒక్క ఆ చట్రము పలికినంత ప్రస్తావనలోని గొంతు పలుకలేదు. చేతితో త్రోయవలసిన రంగులరాట్నమును పేదబాలురు చెమటలు కార్చుచు త్రిప్పగా, డబ్బిచ్చిన పిల్లలు బొమ్మగుఱ్ఱములపై తిరుగు చిన్న ఘట్టమును కూడ ఇట్లే చెప్పవచ్చును. దానికి వ్యాఖ్యానమే లేదు.

చిత్రము 1950 నవంబరు 9న విడుదలయై కొలది దినములకే తొలగింపబడినది. దేశమును అవమానించిన పరదేశిని వెడలగొట్టవలెనని కొందరు కోరిరి. చిత్రకారుడు సికేరోస్ మాత్రము మెచ్చుకొనెను. 1951లో కాన్ ఉత్సవమున కవి ఒక్తావియో పాస్ బున్యుయెల్‌ను గూర్చి తాను వ్రాసిన వ్యాసమును ప్రేక్షకులకు స్వయముగ పంచిపెట్టెను. ఆ ఉత్సవమున ఉత్తమ దర్శకుని బహుమానము లభింపగానే స్వదేశమున గాలి మరలినది. అదే యేట మెక్సికో చిత్ర అకాడమీ వారి ఆరియెల్ బహుమానములు పదునొకండు దీనికి వచ్చినవి. 2003లో యునెస్కో వారి ‘ప్రపంచస్మృతి’ పట్టికలో ఈ చిత్రము చేరినది. ‘మరవబడినవారు’ స్మృతిపట్టికకెక్కుటకు యేబదిమూడేండ్లు పట్టినది.

పాఠనిర్ణయమున మిగిలిన చివరి సాక్ష్యమొకటి చెప్పి ముగింతుము. పశువులశాలలో పేద్రో శవమును కనుగొన్నవారు మేచే, ఆమె తాత. నేరము తమపై పడునని వారికి భయము. శవమును గోనెలో కట్టి గాడిదపై వేసికొని చీకటిలో బయలుదేరుదురు. అదే సమయమున మార్తా కొడుకును వెదకుచు వీధినబడియున్నది. తొలిసారిగా ఆమె అతని కొరకు బయలుదేరినది. త్రోవలో ఆమె వారికి ఎదురుపడి, గాడిద ప్రక్కనుండియే ముందుకు సాగిపోవును. వారు నిలువరు. ఊరి వెలుపల దిబ్బ అంచున మూట దొర్లించి వెనుదిరుగుదురు. పేద్రో బ్రదికి బడికి చేరు పాఠమున ఈ త్రోవకు చోటు లేదు.